చిన్న చిప్పు - పెద్ద గొంతు

కడప జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఉంటారు. అత్తకు 58 ఏళ్ళు. కోడలికి 26 ఏళ్ళు. అత్త కొడుకు కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్నాడు. పోయి మూడేళ్ళయింది.

కువైట్‌లో గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. అక్కడ రాత్రి 10 గంటలయితే ఇక్కడ పన్నెండున్నర. కొడుకు పని ముగించుకొని గదికి చేరేసరికి తల్లి నిద్రలో ఉంటుంది. అందుకని అతను చెప్పాల్సిన మాటలు ఫోనులో రికార్డు చేసి పంపుతాడు. తెల్లారి లేచి తల్లి వింటుంది. విన్నాకే కాఫీ తాగుతుంది.

ఒకరోజు ఆ ఫోను నీళ్ళ తొట్లో పడింది. తీశారు. తుడిచారు. ఆరబెట్టారు. ఫోను బతికింది. బొమ్మలు కనబడుతున్నాయి. అక్షరాలు కనబడుతున్నాయి. కానీ గొంతు పోయింది. లోపలి స్పీకర్లు చెడిపోయాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం వినబడుతుంది.

అత్తకు ఇయర్‌ఫోన్ పనికిరాదు. ఒక చెవి చిన్నప్పటినుంచీ కారుతుంది. రెండో చెవి కొంచెం మందం. చెవిలో ఏది పెట్టినా పోటు. అందుకని కోడలు వింటుంది. విని అత్తకు చెబుతుంది.

"ఏమన్నాడు?"

"బాగున్నాడంట అత్తా. అన్నం తిన్నాడంట. నిన్ను బీపీ మాత్ర మరచిపోవద్దన్నాడు."

మరుసటి రోజూ అదే మాట. ఆ మరుసటి రోజూ అదే మాట. వారం గడిచింది.

"రెండు నిమిషాలు విన్నావే పాపా. మూడు ముక్కలేనా చెప్పింది?" అంది అత్త.

కోడలు పలకలేదు. పొయ్యి మీద పాలు చూసే పని పెట్టుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం కోడలు అటకమీది ట్రంకు పెట్టె దించింది. పెళ్ళికి ముందు ఆమె ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్ మెకానిక్ కోర్సు చదివింది. సర్టిఫికెట్ పెట్టెలోనే ఉంది. దాని కింద సోల్డరింగ్ ఐరన్ ఉంది. అంటే టంకం వేసే కడ్డీ. గుడ్డలో చుట్టినది చుట్టినట్టే ఉంది. ఐదేళ్ళయింది దాన్ని తాకి.

"ఏందది?" అంది అత్త.

"ఫోనుకు ఒక పెద్ద గొంతు చేస్తా అత్తా. దాన్ని ఆంప్లిఫైయర్ అంటారు."

బజార్లో రెడీమేడ్ స్పీకర్లు దొరకవా? దొరుకుతాయి. కానీ వాటికి ఐదారు వందలు పెట్టాలి. చెడిపోతే ఊళ్ళో బాగుచేసేవాళ్ళు లేరు, పారేయాలి. ఇంట్లో చేసుకునే దానికి 150 రూపాయలు చాలని కోడలు లెక్క వేసింది. ఇంట్లో పాత రేడియో ఉంది. రేడియో పలకదు, కానీ దాని స్పీకరు బాగుంది. అది కొనక్కరలేదు.

ఆంప్లిఫైయర్ ఏం చేస్తుంది?

మైకు సెట్టు అందరం చూశాం. మెల్లగా మాట్లాడితే ఊరంతా వినబడుతుంది. ఆ మాటకు అంత బలం ఎక్కడినుంచి వచ్చింది? మైకులోంచి రాలేదు. మాట్లాడిన మనిషిలోంచీ రాలేదు.

చెరువు తూమును తలచుకోండి. చెరువులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. తూము తలుపును ఒక మనిషి చేత్తో కొంచెం ఎత్తుతాడు. నీళ్ళు ఉరుకుతాయి. కొంచెం దించుతాడు. నీళ్ళు తగ్గుతాయి. చెయ్యి బలం చిన్నది. నీళ్ళ బలం పెద్దది. నీళ్ళు మాత్రం చెయ్యి చెప్పినట్టే వింటాయి.

ఆంప్లిఫైయర్ కూడా అంతే. బ్యాటరీ ఒక చెరువు. అందులో కరెంటు ఉంది. ఫోనులోంచి వచ్చే చిన్న కరెంటు మనిషి చెయ్యి. అది మాటతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను బట్టి తూము తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. బ్యాటరీ కరెంటు అదే ఆట ఆడుతూ స్పీకరులోకి పోతుంది. స్పీకరులో ఉన్న అట్ట ముందుకీ వెనక్కీ అదురుతుంది. అదే మనకు వినబడే మాట. బ్యాటరీ అయిపోతే చెరువు ఎండినట్టే. ఎంత మంచి ఆంప్లిఫైయర్ అయినా నోరు మెదపదు.

మరి ఆ తూము ఏది? అదే ట్రాన్సిస్టర్. 1947లో అమెరికాలో బెల్ లాబ్స్ అనే పరిశోధనశాలలో దాన్ని కనిపెట్టారు. మన పెద్దవాళ్ళు చిన్న రేడియోను కూడా ట్రాన్సిస్టర్ అనే పిలిచేవాళ్ళు. రేడియో లోపలి వస్తువు పేరు రేడియోకే పడిపోయింది.

మొదట్లో ఒక్కో ట్రాన్సిస్టర్‌ను విడిగా టంకం వేసి కలిపేవాళ్ళు. 1958లో జాక్ కిల్బీ అనే ఇంజనీరు ఒక ఉపాయం చేశాడు. చాలా భాగాలను ఒకే ముక్క మీద తయారు చేసి చూపించాడు. ఆ పనికి 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి ముక్కను ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ అంటారు. పొడి అక్షరాల్లో ఐ.సి. వాడుకలో చిప్పు.

"చిప్పా? కొబ్బరి చిప్పా?" అంది అత్త.

"కొబ్బరి చిప్పలో కొబ్బరి ఉంటుంది. ఈ చిప్పులో పది తూములు ఉంటాయి" అంది కోడలు.

సామాను

హైదరాబాదులో అయితే కోఠి దగ్గర గుజరాతీ గల్లీ ఉంది. అక్కడ వరసగా ఇలాంటి సామాను అమ్మే కొట్లే. మన టౌనుల్లో అన్ని కొట్లు ఉండవు. రేడియోలు, టీవీలు బాగుచేసే చోట అడిగితే చెబుతారు. కోడలు బస్సెక్కి టౌనుకు పోయింది. చీటీ రాసుకొని పోయింది.

చీటీలో మొదటి మాట 386. పూర్తి పేరు ఎల్.ఎం. 386. ఇది చిన్న ఆంప్లిఫైయర్ చిప్పు. చింతగింజ అంత ఉంటుంది. నల్లగా ఉంటుంది. ఎనిమిది కాళ్ళు ఉంటాయి. ఒక పక్క నాలుగు, ఇంకో పక్క నాలుగు. నాలుగు పెన్సిల్ సెల్లులతో పలుకుతుంది. నాలుగు సెల్లులంటే 6 వోల్టులు. అంత తక్కువ కరెంటుతో షాక్ కొట్టదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇదే మంచిది.

చిప్పు కూర్చోవడానికి ఒక బేస్ కొనాలి. బేస్ అంటే పీట. చిప్పుకు నేరుగా టంకం వేస్తే ఆ వేడికి పాడయిపోవచ్చు. పీటకు టంకం వేసి, చివర్లో చిప్పును పీట మీద కూర్చోబెట్టాలి. చిప్పు చెడిపోయినా తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. పీట ధర చిన్నది. చాలామంది అదెందుకని మానేస్తారు. మానవద్దు.

తర్వాత చిల్లుల బోర్డు, సెల్లులు పెట్టే డబ్బా, సౌండు పెంచే తగ్గించే బిరడ. బిరడ మీద 10కె అని ఉండాలి. ఫోనుకు పెట్టే పిన్ను తీగ ఒకటి. కెపాసిటర్లు ఐదు. రెసిస్టర్లు మూడు.

రెసిస్టర్ అంటే కరెంటును కొంచెం అడ్డుకునే వస్తువు. చిన్న గింజలా ఉంటుంది. దాని మీద అంకెలు ఉండవు. రంగు గీతలు ఉంటాయి. ఆ రంగులే అంకెలు. నలుపు అంటే సున్నా. గోధుమ రంగు అంటే 1. ఎరుపు అంటే 2. మొదటి రెండు గీతలూ అంకెలు. మూడో గీత ఎన్ని సున్నాలు చేర్చాలో చెబుతుంది. గోధుమ, నలుపు, ఎరుపు ఉంటే 1, 0, తర్వాత రెండు సున్నాలు. మొత్తం 1000. దాన్నే 1కె అంటారు. గోధుమ, నలుపు, నలుపు ఉంటే 1, 0, సున్నాలు ఏమీ లేవు. అంటే 10.

అత్తకు ఈ లెక్క బాగా నచ్చింది. "చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పినట్టుంది" అంది. మూడు రెసిస్టర్లను ఆమే చూసి విడదీసింది. వెయ్యివి రెండు ఒక పక్క. పదిది ఇంకో పక్క.

కెపాసిటర్ కరెంటును కాసేపు దాచుకునే వస్తువు. దానికి ఇంకో గుణం కూడా ఉంది. నిలకడగా వచ్చే కరెంటును ఆపుతుంది. మాటతో పాటు ఆడే కరెంటును వదులుతుంది. జల్లెడ నూకను ఆపి పిండిని వదిలినట్టు. పెద్ద కెపాసిటర్లకు ప్లస్, మైనస్ ఉంటాయి. పొడుగు కాలు ప్లస్. ఒంటి మీద చార గీసిన వైపు మైనస్. తిప్పి పెడితే చెడిపోతుంది. ఒక్కోసారి టప్పుమని పగులుతుంది కూడా. కళ్ళు దగ్గర పెట్టి చూడకూడదు.

బిగించడం

చిప్పుకు ఒక అంచున చిన్న గాటు ఉంటుంది. కొన్నిటికి గాటు బదులు చుక్క ఉంటుంది. గాటు పైకి వచ్చేట్టు పట్టుకోండి. ఎడమ చేతి వైపు పై కాలు 1. దాని కింద 2, 3, 4. తర్వాత కుడి వైపు కిందినుంచి పైకి 5, 6, 7, 8. గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తాం కదా. చిప్పు కాళ్ళను దానికి ఎదురు దిక్కులో లెక్కపెట్టాలి. ఇది ఒక్కసారి మనసుకు పట్టిందంటే మరచిపోరు.

6వ కాలికి బ్యాటరీ ప్లస్. 4వ కాలికి మైనస్. 2వ కాలు కూడా మైనస్‌కే. 6వ కాలికీ 4వ కాలికీ మధ్య రెండు కెపాసిటర్లు. ఒకటి పెద్దది, 100 మైక్రోఫారడ్‌లు. ఒకటి చిన్నది, 0.1. ఇవి కాళ్ళకు దగ్గరగా ఉండాలి.

ఫోను తీగలో మూడు పోగులు ఉంటాయి. ఎడమ చెవిది ఒకటి, కుడి చెవిది ఒకటి, ఇద్దరికీ ఉమ్మడిది ఒకటి. ఎడమ, కుడి పోగులకు ఒక్కో 1కె రెసిస్టర్ వేసి, ఆ రెండు కొసలనూ కలిపేయాలి. కలిపిన కొస బిరడ మొదటి కాలికి పోతుంది. ఉమ్మడి పోగు బిరడ మూడో కాలికి. ఆ కాలే మైనస్‌కు కూడా. బిరడ నడిమి కాలినుంచి ఒక తీగ చిప్పు 3వ కాలికి. మాట లోపలికి పోయే దారి ఇదే.

మాట బయటికి వచ్చే దారి 5వ కాలు. అక్కడ 220 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ప్లస్ కాలు కలపాలి. దాని మైనస్ కాలినుంచి స్పీకరుకు. స్పీకరు రెండో తీగ మైనస్‌కు. ఈ కెపాసిటర్ ఎందుకు? 5వ కాలి దగ్గర ఎప్పుడూ బ్యాటరీలో సగం కరెంటు నిలబడి ఉంటుంది. 6 వోల్టుల బ్యాటరీ అయితే 3 వోల్టులు. కెపాసిటర్ లేకపోతే అది ఊరికే స్పీకరులోకి పారుతుంది. స్పీకరు లోపలి తీగచుట్ట వేడెక్కుతుంది. బ్యాటరీ దండగ.

5వ కాలినుంచే ఇంకో దారి ఉంది. 10 ఓముల రెసిస్టర్, దాని వెనకే 0.047 కెపాసిటర్, అక్కడినుంచి మైనస్‌కు. ఇది లేకపోతే చిప్పు తనలో తాను ఊగిపోయి కీచుమనవచ్చు.

7వ కాలికి ఏమీ కలపలేదు. 1, 8 కాళ్ళను ఖాళీగా వదిలితే చిప్పు 20 రెట్లు పెంచుతుంది. ఆ రెంటి మధ్య 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే 200 రెట్లు పెంచుతుంది. మైకుకు 200 రెట్లు కావాలి. ఫోనుకు 20 చాలు. కోడలు ఆ ఐదో కెపాసిటర్‌ను కొంది కానీ పెట్టలేదు. ఫోనుకు 200 పెడితే మాట గరగరలాడి అర్థం కాకుండా పోతుంది. ఎక్కువ సౌండు వేరు, స్పష్టమైన మాట వేరు.

టంకం వేసే కడ్డీ ఒక్కటే ఇందులో ఇంటి కరెంటుతో పనిచేస్తుంది. 230 వోల్టులు. కోడలు దాని తీగను వంచి వంచి చూసింది. ఐదేళ్ళ తీగ. ఎక్కడా చీలలేదు. అప్పుడే ప్లగ్గు పెట్టింది. తడి చేత్తో పట్టుకోలేదు. టంకం తీగలో సీసం కలిసి ఉంటుంది. సీసం ఒంట్లోకి పోతే విషం, పిల్లలకు మరీ ఎక్కువ. అందుకని పక్కింటి పిల్లలను దూరంగా పొమ్మంది. పొగ ముఖానికి తగలకుండా వాకిట్లో కూర్చుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగింది. ఆ తర్వాతే అన్నం గిన్నె ముట్టుకుంది.

పలకలేదు

సాయంత్రానికి పని అయింది. చిప్పును పీట మీద కూర్చోబెట్టింది. సెల్లులు వేసింది. బిరడ తిప్పింది.

చప్పుడు లేదు.

తీగలన్నీ మళ్ళీ చూసింది. ప్లస్, మైనస్ చూసింది. సెల్లులు మార్చింది. స్పీకరుకు ఒక సెల్లు తగిలించి తీసి చూసింది. టిక్కుమంది. అంటే స్పీకరు బాగుంది. మరి తప్పు ఎక్కడ? రాత్రి 9 అయింది. కోడలు బోర్డు పక్కన పెట్టేసింది. ఐదేళ్ళు వదిలేసిన చదువు ఇంకెక్కడుంటుందిలే అనుకుంది. కొంచెం ఏడుపొచ్చింది.

అత్త కళ్ళజోడు పెట్టుకుంది. బోర్డు తీసుకొని బల్బు కిందికి పోయింది. అత్త అంకెలు నేర్చుకున్నది పోయిన ఏడే. రాత్రి బడిలో. ఇంగ్లీషు అక్షరాలు రావు. అంకెలు వచ్చు. గ్యాసు బుక్కు మీదివి, బస్సు మీదివి, మందుల డబ్బా మీదివి, కనబడ్డ అంకెనల్లా చదవడం ఆమెకు అలవాటు అయింది. చిప్పు మీద అచ్చు చాలా సన్నగా ఉంది. నేరుగా చూస్తే కనబడలేదు. బోర్డును అటూ ఇటూ వంచింది. వెలుగు పక్కనుంచి పడగానే అంకెలు తేలాయి.

"పాపా, నీ చీటీలో ఏం రాసుకున్నావు?"

"386 అత్తా."

"దీని మీద 5 ఉంది. దాని పక్కన ఇంకో 5. దాని పక్కన ఇంకో 5."

కోడలు లేచి వచ్చింది. చూసింది. 555.

555 కూడా చిప్పే. దానికీ ఎనిమిది కాళ్ళే. రంగూ అదే, సైజూ అదే. కానీ దాని పని వేరు. అది కాలం లెక్కపెట్టే చిప్పు. లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉండడానికి వాడతారు. కొట్లో చిన్న చిన్న డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. కొట్టు మనిషి పక్క డబ్బాలో చెయ్యి పెట్టాడు. కోడలు కాళ్ళు లెక్కపెట్టి సంచిలో వేసుకుంది. అంకె చదవలేదు.

మీరు ఇక్కడ ఆగండి. ఈ అంకెలను పైకి చదవండి. 386. 555. 2003. 4440. ఇవన్నీ చిప్పుల మీద ఉండే అంకెలే. చిప్పు ఆకారం చూసి కొనకూడదు. అంకె చదివి కొనాలి. కొట్లోనే చదవాలి, ఇంటికొచ్చి కాదు.

మర్నాడు ఇద్దరూ టౌనుకు పోయారు. కొట్టతను మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. అత్త ఆ చిప్పును వెలుగులో వంచి చూసింది. 3, 8, 6. చదివాకే సంచిలో వేయనిచ్చింది.

పలికింది

ఈసారి కోడలు ముందు ఫోను కలపలేదు. సెల్లులు వేసి, బిరడ సగం తిప్పి, 3వ కాలిని వేలితో తాకింది. స్పీకరు బుర్ర్‌మంది. అత్త ఉలిక్కిపడింది.

ఇది మంచి పరీక్ష. మన ఇంటి గోడల్లో కరెంటు తీగలు ఉంటాయి. వాటిలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు కొంచెం మన ఒంటిమీదికి కూడా వస్తుంది. మనకు తెలియదు. వేలితో తాకగానే చిప్పు దాన్ని పెంచి వినిపిస్తుంది. బుర్ర్‌మంటే చిప్పు బతికి ఉన్నట్టే. బ్యాటరీతో నడిచే దాన్నే ఇలా తాకాలి. ఇంటి కరెంటుతో నడిచే పెట్టెలో ఎప్పుడూ వేలు పెట్టకూడదు.

ఫోను కలిపి ఒక పాట పెట్టింది. పాట వచ్చింది. కానీ పల్చగా, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వచ్చింది. స్పీకరు ఊరికే బల్ల మీద ఉంది. స్పీకరు అట్ట ముందుకు కదిలితే ముందు గాలి నెట్టుకుంటుంది, వెనక గాలి వదులవుతుంది. ఆ రెండు గాలులూ అంచు చుట్టూ తిరిగి కలుసుకొని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బరువైన శబ్దం ముందు పోతుంది. అందుకే స్పీకరుకు పెట్టె కావాలి. ముందు గాలినీ వెనక గాలినీ విడదీయడానికి.

"పెట్టె ఎందుకు? ఇదుగో" అని అత్త వెలితి కుండ ఒకటి తెచ్చింది. నీళ్ళు కారుతున్నదని పక్కన పెట్టిన కుండ. దాని మూతి, స్పీకరు కొలత దాదాపు సరిపోయాయి. మూతి చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క వేసి స్పీకరును బిగించారు. తీగ కారే పగులులోంచే బయటికి వచ్చింది. పాట ఈసారి నిండుగా వచ్చింది. నిజానికి ఇది పెద్ద సౌండేమీ కాదు. 6 వోల్టులకు ఈ చిప్పు ఒక వాట్‌లో మూడో వంతు ఇస్తుంది. ఒక గదికి అది చాలు. వాకిట్లో కూర్చున్నా వినబడుతుంది.

పాట విని పక్కింటి అబ్బాయి వచ్చాడు. "వదినా, వినాయక చవితికి మాకూ ఒకటి చేసి పెట్టు. వీధంతా అదిరిపోవాల" అన్నాడు.

"వీధి అదరాలంటే 386 చాలదు. 4440 కావాలి" అంది కోడలు. 4440 పెద్ద చిప్పు. 12 వోల్టుల మీద నడుస్తుంది. రెండు స్పీకర్లకు ఒక్కోదానికి 6 వాట్లు ఇస్తుంది. మన చిన్న ఊళ్ళలో చేతితో బిగించే ఆంప్లిఫైయర్లలో ఈ చిప్పును చాలా వాడారు. అది బాగా వేడెక్కుతుంది. దాని వీపుకు అల్యూమినియం రేకు బిగించాలి. లేకపోతే మాడిపోతుంది. పైగా దానికి సెల్లులు చాలవు. పెద్ద బ్యాటరీ గానీ, ఇంటి కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ గానీ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఒక పక్క 12 వోల్టులే అయినా రెండో పక్క 230 ఉంటుంది. ఆ పక్కకు ఫ్యూజు, మూత లేకుండా పెట్టకూడదు. నేర్చినవాళ్ళు పక్కన లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు.

"మా ఫ్రెండు దగ్గర ఉండేది వెయ్యి వాట్లది" అన్నాడు అబ్బాయి.

కోడలు నవ్వింది. "దానికి ఎంత కరెంటు పెడతారు?"

"12 వోల్టులు, 3 ఆంపియర్లు. డబ్బా మీద రాసి ఉంది."

"12 ఇంటూ 3 ఎంత?"

"36."

"అంతే. 36 వాట్లు తిని వెయ్యి వాట్లు ఎట్లా ఇస్తుంది? సేరు పాలు పిండే ఆవు దగ్గర బిందెడు వెన్న వస్తుందా?"

అట్టపెట్టె మీద రాసింది వేరు, లోపల ఉండేది వేరు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. ఈ ఒక్క గుణకారం వస్తే కొట్లో ఎవరూ మోసం చేయలేరు.

అబ్బాయి పోయాడు. కోడలు ఇంకో పాట పెట్టింది. ఆ తర్వాత ఇంకోటి. దీపాల వేళ దాటింది.

"పాటలు చాలు" అంది అత్త. "నా కొడుకును పెట్టు."

కోడలు చెయ్యి బిరడ మీద ఆగింది. "రేపు పొద్దున విందువులే అత్తా. సెల్లులు కొంచెం..."

"సెల్లులు కొత్తవి. నా ముందరే కొన్నావు."

కోడలు ఇంక మాట్లాడలేదు. నిన్న రాత్రి వచ్చిన మాటను పెట్టింది. కుండలోంచి కొడుకు గొంతు వచ్చింది. మొదట దగ్గు. తర్వాత మాట.

"అన్నం తిన్నా. అమ్మకు మాత్రలు వేయించు. సేటు ఈ నెల కూడా జీతం ఇయ్యలేదు. రెండు నెలలాయె. చెయ్యి కట్టు ఇంకో వారం ఉంచాలంట. నొప్పి లేదులే. అమ్మకు మాత్రం చెప్పొద్దు. బీపీ పెరుగుతుంది."

మాట అయిపోయింది. కుండ సన్నగా ఉస్సుమంటూ ఉండిపోయింది. కోడలు తలెత్తలేదు.

"మళ్ళీ పెట్టు" అంది అత్త.

మళ్ళీ పెట్టింది. అత్త కుండకు దగ్గరగా జరిగింది. మంచి చెవిని అటు తిప్పింది. రెండోసారి మొత్తం విన్నది. తర్వాత బడి నోటుబుక్కు తీసింది. పెన్సిలుతో మెల్లగా రాసింది. జీతం - 2 నెలలు. చెయ్యి - 1 వారం.

"కట్టు ఎప్పుడు కట్టారు?"

"పదిరోజులైంది అత్తా. బండి తలుపులో పడింది. ఆయన ఒట్టు పెట్టించుకున్నాడు. లేకపోతే నీకు చెప్పనా?"

"ఆ ఒట్టు వాడిది. నీది కాదు." అత్త నోటుబుక్కు మూసింది. "అక్కడ మన దేశం ఆఫీసు ఉంటుందంట కదా. ఎంబసీ. జీతం ఇయ్యకపోతే అక్కడికి పోయి చెప్పుకోవాలంట. వాడు పోయినాడా?"

"తెలీదు అత్తా."

"ఫోను ఇటివ్వు. యాడ నొక్కితే మాట పోతుంది?"

కోడలు పిన్ను తీసి, ఫోను చేతికిచ్చి, నొక్కే చోటు చూపించింది. అత్త బొటనవేలు దాని మీద పెట్టింది.

"రేయ్, నేను. నీ పెళ్ళాం నీకు పెద్ద గొంతు చేసింది. నీ దగ్గు కూడా వినబడింది. రేపు లీవు పెట్టి ఎంబసీకి పో. పోయి ఏం చెప్పారో నాకు చెప్పు. దానికి కాదు, నాకు. కట్టు తడపొద్దు."

వేలు తీసింది. కుండ బిరడను తనే తిప్పి ఆపింది. సెల్లులు దండగ కాకూడదు కదా.